ఐదు నిమిషాల బస్సు

మా స్టీలు సామాన్ల షాపుల అన్నిటికంటె పెద్ద గంగాళం ఒకటి ఉన్నది. పదిహేనేండ్ల సంది దాన్ని ఎవరూ కొనలేదు. దానికి సరిపడ పెండ్లి వరంగల్ల ఇంకా కాలేదని అడిగినోల్లకల్ల చెప్తుంట. ఆ గంగాళం మీద రెండు చేతులు పెట్టి ఒట్టేసి చెప్తాన: ఈ కింద రాసిన దాంట్ల ప్రతి అక్షరం నిజం.

మా మట్టెవాడల నన్ను ఎరిగినోల్లు ఇక్కడికే నవ్వుడు షురూ చేసి ఉంటరు. వాళ్ల తప్పు లేదు. ధర్మసాగర్ చెరువుల ఒక చేప టిఫిన్ డబ్బ మింగిందని, ఏడాదికి అది వలల పడితే కడుపుల డబ్బ దొరికిందని, దాని మీద మా షాపుల కొట్టిన పేరు తళతళ మెరుస్తాందని, మూత తీస్తే పప్పు ఇంకా వెచ్చగనే ఉన్నదని చెప్పింది నేనే. అందరు నవ్వి, చాయ్ తాగి, ఎవని తొవ్వ వాడు పట్టుకున్నడు. మా తమ్ముడు మాత్రం నవ్వలేదు. తెల్లారి నల్లా నీళ్లు ముట్టలేదు. మా నల్లాకు వచ్చేటియి ధర్మసాగర్ నీళ్లే మరి.

"చేప కడుపుల పప్పు కలిసిన నీళ్లు నేను తాగ" అన్నడు.

నాలుగు రోజులు పొద్దుగాల లేచి పక్క గల్లీ బోరింగు కాడికి పోయి రెండు బిందెలు మోసుకొచ్చిన. అబద్ధం నాది, మోత సుత నాదే అని మా ఇంటామె తీర్పు చెప్పింది.

మా తమ్మునికి ముప్పై ఆరేండ్లు. షాపుల గిన్నెల మీద, చెంబుల మీద పేర్లు కొట్టేది వాడే. పెండ్లికి, గృహప్రవేశానికి ఇచ్చే సామాన్ల మీద ఇచ్చినోల్ల పేరు లేకపోతే మా దిక్కు ఇచ్చినట్టే కాదు. ఆ పేర్లు కొట్టే మిషన్ జుయ్యిమంటె గిరాకికి వచ్చినోల్ల పండ్లు పులుస్తయి. వానికి మాత్రం అది జోలపాట. తను ఆపితే ఆగే చప్పుడు గద అది! తను ఆపలేని చప్పుళ్లతోనే వానికి పంచాయితి. బ్యాండు, హారన్లు, ఇద్దరు ఒక్కసారే మాట్లాడుడు, ఇయ్యన్ని చెవుల సూదులు గుచ్చినట్టె. కొత్త అంగీ తెస్తే ముందు మెడ కాడి లేబుల్ కత్తిరించాలె. ఎదుటోని మొకంల మొకం పెట్టి చూడడు, కని వాడు కొట్టిన అక్షరం ఒక్కటి వంకర పోదు.

వాన్ని చిన్నప్పటి సంది మా గల్లీ మొండోడు అన్నది, గర్వం అన్నది. వానికి ముప్పై ఒకటి వచ్చినంక హనుమకొండల ఒక డాక్టరమ్మ ఆటిజం అన్నది. "ఇది రోగం కాదు, మందు లేదు. ఆయన తీరు అది. సాయం చేసే తీరు మీరు నేర్చుకోండ్రి" అన్నది. నేర్చుకునేది మేమని తెలిసి నేను జర పరేషాన్ అయిన. మా ఇంటామె మాత్రం ఆ సాయంత్రమే షురూ చేసింది.

ముందుగాల వచ్చింది గడియారం. ముల్లు తిప్పితే ఎర్ర రంగు పరుచుకుంటది. టైము పోయినకొద్ది ఎర్రది తగ్గుకుంట వచ్చి, అయిపోంగనే మెల్లగ ఒక్కసారి టింగ్ మంటది. ఎంత సేపు మిగిలిందో కండ్లకు కనపడితే మా తమ్మునికి బుగులు ఉండదు. తర్వాత చెవి మూతలు వచ్చినయి. గ్రానైటు కోసే కాడ పనోల్లు పెట్టుకునేటియి. అవి పెట్టుకోని బజార్ల పోతాంటె "ఏం పాట వింటానవ్ తమ్మీ?" అని అందరు అడుగుడే. "ఏం పాట లేదు. అందుకే పెట్టుకున్న" అంటడు.

ఒకనాడు హసన్‌పర్తి నుంచి ఒకామె వచ్చింది. పెండ్లిల్లకు వంట సామాన్లు కిరాయికిచ్చే గోదాం ఉన్నదామెకు. బగోనెలు, గంటెలు ఎప్పటికీ వేరేటోల్ల సామాన్లల్ల కలిసిపోతానయట. అన్నిటి మీద గుర్తు కొట్టియ్యాలె, సైజుల వారీగ పేర్చాలె. మా తమ్ముని పని కాసేపు చూసి, "ఈయన మా గోదాంల చేస్తడా అన్నా?" అని అడిగింది.

"వాడు ఎక్కడికీ పోడక్కా" అన్న నేను.

"పోత" అన్నడు తమ్ముడు, పళ్లెం మీది నుంచి తల ఎత్తకుంటనే.

అప్పుడామె అన్నది: "అయితె ఒక్కటే మాట. ఎవరూ తోలుకొచ్చుడు ఉండొద్దు. ఒక్కడే రావాలె, ఒక్కడే పోవాలె. వారం చూద్దాం. కుదిరితే పని, లేకపోతే లేదు."

నా గుండె జారి గంగాళంల పడ్డది. ముప్పై ఆరేండ్లల్ల వాడు ఒక్కడే బస్సు ఎక్కలేదు. నేను ఎక్కనియ్యలేదు అనుడు సరైన మాట.

తొవ్వ పొడుగూత ఏం చెయ్యాలెనో చీటీల మీద రాసిస్తమన్నం. కాయితం చెమటకు మెత్తపడితే వాడు చేతుల పట్టుకోడు. ఫోన్ల బొమ్మలు పెడితే మధ్యల ఎవడో ఫోన్ చేస్తడు, బొమ్మ మాయమైతది, వానికి ఆగమాగం. ఫోను ఫోటో పంపుటందుకే అని తేల్చిండు. ఆఖరికి షాపుల ఉన్న ఉపాయమే పనికొచ్చింది. పాత స్టీలు మూతలను పేకాట ముక్కంత ఏడు రేకులుగ కోపిచ్చి, రింగుకు గుచ్చి, వాటి మీద మాటలు కొడితే? నేను చెప్పాలె, వాడు కొట్టాలె. చెమట తాకది, చిరగది, ఎవడూ మధ్యల ఫోన్ చెయ్యడు.

ఒక్కటే చిక్కు. స్టీలు మీద కొట్టింది చెరగది. చెప్పేటోడిని చూస్తే నేను.

మొదటి రేకుకే "చౌరస్తాకు పో, అక్కడ నిన్ను చూసి బస్సు దానంతట అదే ఆగుతది" అన్న. మా ఇంటామె గరిటె ఎత్తింది. "చెయ్యి ఎత్తు" అని మార్చిన. రెండో రేకుల కిటికి సీటు గురించి ఒక రాజు కథ చెప్పబోతె అదీ కొట్టేసింది. మూడో దానికి కూర మాడుతాందని వంటింట్లకు పోయింది. అప్పుడు చెప్పిన: "బస్సు ఐదు నిమిషాల్ల వస్తది."

అది అబద్ధమని నాకు తోచను సుత తోచలేదు. వరంగల్ల ఐదు నిమిషాలు అనని మనిషి ఉన్నడా? స్నానం చెయ్యనోడు సుత ఫోన్ల "ఐదు నిమిషాల్ల ఉంట" అంటడు. జుయ్యిమని మిషన్ మోగింది. మాట స్టీలుకు ఎక్కింది.

సోమవారం పోయిండు. నేను హెల్మెట్ పెట్టుకోని, మొకానికి ఇంటామె చున్నీ చుట్టుకోని, స్కూటరు మీద బస్సు వెనుకనే పోయిన. మంగళవారం, బుధవారం అంతే. మూడు రోజులు బస్సు ఐదు నిమిషాల్లనే వచ్చి మా మర్యాద కాపాడింది. బుధవారం సాయంత్రం అన్నం తినుకుంట తమ్ముడన్నడు:

"స్కూటరు ఎడమ దిక్కు లైటు పగిలింది. మూడు రోజులైంది. బాగు చేపిచ్చు."

ఇంటామె మొకం పక్కకు తిప్పుకోని నవ్వింది.

"ఒక్కన్నే అంటే స్కూటరు సుత ఉండొద్దు" అని మజ్జిగ పోసుకున్నడు.

బేస్తారం నేను పోలేదు. ఆ రోజే బస్సు ఆలస్యమైంది. తర్వాత చౌరస్తాల పాన్‌డబ్బా ఆయన చెప్తే తెలిసింది. వీడు గడియారం ఐదుకు పెట్టి నిలబడ్డడట. ఎర్రది అయిపోయింది, టింగ్ మన్నది. బస్సు లేదు. రేకు చూసిండట, రోడ్డు చూసిండట, మళ్ల రేకు. చెవి మూతలు పెట్టుకోని గోడ పక్కన కూసోని ముందుకు వెనుకకు ఊగిండట. పదకొండు నిమిషాలకు బస్సు వస్తే ఆయన "ఎక్కు తమ్మీ, నీ బస్సే" అన్నడట. "ఇది ఐదు నిమిషాల బస్సు కాదు" అని వీడు తిరిగి నడిచొచ్చిండు.

వచ్చి రింగు నా ముందట పెట్టిండు. పైన మూడో రేకు.

"ఇది అబద్ధం."

"అబద్ధం కాదుర తమ్మీ, అందరు గట్లనే అంటరు. ఐదు నిమిషాలంటే..."

"మూడొందల సెకండ్లు."

ఇంటామె వెనుకనే ఉన్నది. "చేప కడుపుల పప్పు చల్లారకపోతే ఎవలకు నష్టం లేదు. ఇది వాడు చేత పట్టుకోని రోడ్డు మీద నిలబడే మాట" అన్నది. గరిటె ఎత్తలేదు. ఎత్తితే బాగుండు అనిపించింది.

గోదాం ఆమెకు ఫోన్ చేసిన. "ఫికర్ చెయ్యకన్నా, రేపు రమ్మను" అని మెత్తగనే అన్నది. తమ్ముడు మాత్రం "రేపు సుత పోకపోతే పని లేదు" అని తన మిషన్ ముందల కూసున్నడు. ఆన్ చెయ్యలేదు. పేర్లు కొట్టే సామాను ముందల కుప్ప పడి ఉన్నది. వాడు ఉత్తగ కూసునుడు నేను ఎన్నడు చూడలేదు.

మూడో రేకు పారేసి కొత్తది కొట్టుకుందమంటె ఒప్పుకోలేదు. రింగుకు ఏడే ఉండాలె, అవే ఉండాలె. "రేకుకు వెనుక దిక్కు లేదా?" అన్నది ఇంటామె. తిప్పిచ్చిన. వాడు మిషన్ పట్టుకున్నడు.

"బస్సు తొందర్ల వస్తది" అన్న.

"తొందర్ల అంటే ఎంత?"

"జరసేపట్ల."

"జర అంటే ఎంత?"

"ఏడుంబావుకు వస్తది, రాసుకో."

"ఇయ్యాల ఏడుంబావుకు రాలేదు."

నా సంచిల ఉన్న మాటలన్ని ఒడిసినయి. యాష్టకొచ్చి అన్న: "ఎప్పుడొస్తదో నాకు తెల్వదుర!"

వాడు తల ఎత్తి సూటిగ నా మొకం దిక్కు చూసిండు. ఒక్క క్షణమే. మిషన్ జుయ్యిమన్నది. ఊది, బట్టతోని తుడిచి చూపెట్టిండు: "బస్సు ఎప్పుడొస్తదో అన్నకు తెల్వదు."

వాని భుజాలు కిందికి దిగినయి. అంత బిగవట్టుకోని ఉన్నడని దిగినంకనే నాకు తెలిసింది.

దాని కింద ఇంటామె చెప్పింది కొట్టిండు: "గడియారం ముప్పైకి పెట్టు. ఎర్రది అయిపోతే వదినెకు దాని ఫోటో పంపు." ఫోటో వస్తే ఆమె తిరిగి ఒక్క బొమ్మనే పంపుతది, ఇంకా నిలబడుమనో, ఇంటికి రమ్మనో. ఆ రెండు బొమ్మలు వాడే గీసిచ్చిండు.

శుక్రవారం పొద్దుగాల వాడు పోయిన పది నిమిషాలకు చౌరస్తా దిక్కు నుంచి పెండ్లి బ్యాండు మోగింది. ఒకామె కుక్కరు అడిగితే దోశ పెంక ఇచ్చిన. మా ఇంటామె ఫోను ఎదురుంగ పెట్టుకోని పప్పు ఏరుతాంది. ఫోటో రాలేదు. వస్తే ఒక బుగులు, రాకపోతే ఒక బుగులు. ఎనిమిదిన్నరకు నా ఫోను మోగింది. గోదాం ఆమె.

"అన్నా, మీ తమ్ముడు..." అని దగ్గు అందుకున్నది. ఆమె దగ్గు ఆగేవరకు నేను రెండేండ్లు ముసలోన్ని అయిన. "...వచ్చిండు. ఎప్పుడో వచ్చిండు."

బ్యాండు మధ్యల చెవి మూతలతోని నిలబడ్డడట. బస్సు ఇరవై రెండు నిమిషాలకు వచ్చింది. ఎక్కి ఐదో రేకు చూపెట్టిండు: "నేను మాట్లాడకపోతే కోపం కాదు. హసన్‌పర్తిల దిగుత. స్టాపు వచ్చినప్పుడు చెయ్యి చూపెట్టండి." కండక్టరమ్మ చదివి, "ఇసొంటిది నాకొకటి కొట్టియ్యి తమ్మీ, చిల్లర లేదు అని" అన్నదట. శనివారం కొట్టిచ్చిండు. ఆమె నవ్వులకు అన్నదని ఎవరూ చెప్పలేదు వానికి. ఇప్పుడది ఆమె బ్యాగుకు వేలాడుతాంది.

"ఇంకో సంగతి అన్నా" అన్నది ఆ ఫోన్లనే గోదాం ఆమె. "ఇక్కడ పనోల్లు ఐదు నిమిషాల్ల వస్తమని చాయ్‌కి పోతే ఈయన గడియారం పెడుతాండు. టింగ్ మనంగనే పోయి గేటు కాడ నిలబడుతాండు. ఏం అనడు, ఉత్తగ నిలబడుతడు. బుధవారం వాళ్లు పోయేటప్పుడే ఇరవై ఐదు నిమిషాలని చెప్పి పోయిండ్రు. చెప్పినట్టె వచ్చిండ్రు!"

ఎనిమిది నెలలైంది. పోతాండు, వస్తాండు. మా షాపుల పేర్లు ఇప్పుడు నేనే కొడుతాన, అక్షరాలు జర వంకరే. ఆదివారం వాడు వాటిని చూసి కండ్లు మూసుకుంటడు.

ఇది రాసినంక వానికి చదువమని ఇచ్చిన. వేలు పెట్టి లైను లైను చదివిండు. చేప కాడ ఆగలేదు, చున్నీ కాడ ఆగలేదు. ఒక్క చోట వేలు ఆగింది.

"గంగాళం మీద ఒట్టేసినవు."

"ఏసిన."

"ఇది గోదాం అక్క అనలేదు."

నిజమే. అనలేదు. ఆ రోజు గోదాం ఆమె నాతోని అన్న మాట వేరే: "నువ్వే దింపిపో అన్నా, సాయంత్రం నేను బండి మీద పంపిస్త. తొందర లేదు, మెల్లగ నేర్చుకుంటడు." ఒక్కడే రావాలె, వారం చూద్దాం అన్నయి ఆమె మాటలు కావు. మా తమ్ముడన్నడు, పళ్లెం మీద పేరు కొట్టుకుంటనే: "అన్న రావద్దు. ఒక్కన్నే పోత. వారం చూస్త. కాకపోతే పని వద్దు." ముప్పై ఆరేండ్లు చెయ్యి పట్టుకోని తిప్పినోన్ని, నాకది సూటిగ తగిలింది. అందుకే ఆ మాట తీసి ఆమె నోట్లె పెట్టిన. నేను కల్పించింది అదొక్కటే.

"ఆమె ఏమనుకోదులేర" అన్న.

"ఆమె అనుకునుడు కాదు" అని లేచి రింగు జేబుల ఏసుకున్నడు. బస్సు టైమైంది, అంటే ఎప్పుడొస్తదో నాకు తెల్వని టైము. గడప కాడ ఆగిండు.

"అది నా మాట" అని పోయిండు.