లాలుని మాయం చేసింది సింహాచలం మావేనా?

నిన్న పొద్దున ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్.

సింహాచలం మావ పోయాడట. హార్ట్ ఎటాక్.

ముందు నమ్మలేదు. ఎవరు చెప్పారు, నువ్వు కళ్లారా చూశావా అని అమ్మనే నిలదీశాను. ఆయన పేరు వింటే చాలు, పన్నెండేళ్లుగా నాకు మొదట వచ్చేది అనుమానమే.

నిజమేనని తేలాక సెలవు పెట్టి అమ్మ దగ్గరికి బయల్దేరాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. బెంగాల్లో, భవానీపూర్‌లోని మా మున్సిపల్ క్వార్టర్స్‌లో పక్క గది ఆయనది. సొంత మావ కాదు. శ్రీకాకుళం వైపు, మా నాన్న ఊరివాడు. డ్యూటీ కుక్కల బండి మీద, అంటే వీధికుక్కల్ని వల వేసి పట్టే బండి. అది గల్లీలోకి వస్తే పిల్లలమంతా మా కుక్కల్ని మంచాల కింద దాచేవాళ్లం.

ఇంక ఆయన్ని ఎవరు నమ్ముతారు చెప్పండి.

నాకు పదకొండేళ్లప్పుడు చెల్లీ నేనూ చెరో కుక్కపిల్లని తెచ్చుకున్నాం. ఒకే తల్లి పిల్లలు. లాలు చెల్లిది, భులు నాది. ఒకే ప్లేట్, ఒకే గోనెసంచి. చూడ్డానికి భలే ముచ్చటగా ఉండేవి.

మావ మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"రెండూ ఒకేకాడ పెరిగితే ఒకదాని మొకం ఒకటి సూసుకుంటాయి గానీ మీ మొకం సూడవు. రోజుకో గంటైనా ఇడదియ్యండి."

కుక్కల్ని పట్టేవాడు కుక్కల పెంపకం చెప్పడమేంటి? ఒకదాన్ని పక్కకి తప్పించి బండెక్కించే ప్లాన్ అనుకున్నాను. ఒక్క నిమిషం కూడా విడదీయనివ్వలేదు.

ఆయన చెప్పినట్టే అయింది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పేరు పెట్టి పిలిస్తే భులు నా వైపు కాదు, లాలు వైపు చూసేది. లాలు కాసేపు కనపడకపోతే వణికిపోయేది, అన్నం ముట్టేది కాదు. ఏడాది తిరిగేసరికి రెండూ కొట్లాటలు మొదలుపెట్టాయి. ఒకసారి లాలు భులు చెవి చీల్చేసింది. విడిపించబోయిన చెల్లి చేతికి గాటు పడింది.

ఆ శనివారం స్కూల్ నుంచి వచ్చేసరికి లాలు లేదు.

ఇంకెవరు? నేరుగా పార్టీ ఆఫీసుకి వెళ్లి, అక్కడి లీడర్ దాదాకి కంప్లైంట్ ఇచ్చాను. మా పాడాలో, అంటే మా పేటలో, కుళాయి గొడవైనా, మొగుడూపెళ్లాల గొడవైనా అక్కడే తేలేది. దాదా మావని పిలిపించాడు. క్యారమ్ ఆడేవాళ్లు కూడా ఆట ఆపి చూస్తున్నారు. కుక్కని తీసుకెళ్లావా అని బెంగాలీలో రెండుసార్లు అడిగాడు.

మావ చేతులు కట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. ఔననలేదు, కాదనలేదు.

నా దృష్టిలో కేసు క్లోజ్.

భులు మూడు రోజులు మంచం కింద నుంచి రాలేదు. మావ రోజూ డ్యూటీ దిగాక చేపతల కలిపిన అన్నం తెచ్చి మా గుమ్మంలో కూర్చునేవాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే అనుకున్నాను. నాలుగో రోజు ఆయన మొహం మీదే తలుపేశాను.

ఆ వారంలోనే భులు మొదటిసారి తన పేరుకి పలికి నా దగ్గరికి వచ్చింది. ఆ క్రెడిట్ కూడా నేనే తీసుకున్నాను.

అప్పట్నుంచి ఆయనతో మాటల్లేవు. నా పెళ్లికి కార్డు కూడా ఇవ్వలేదు.

నిన్న సాయంత్రం ఆయన్ని శ్మశానానికి తీసుకెళ్లాక కూడా అమ్మ ఏడుపు ఆపలేదు. పక్కింటాయన కోసం ఇంత ఏడుపా? నా బుద్ధి ఊరుకోదు కదా, గుచ్చి గుచ్చి అడిగాను.

లాలుని పంపించేయమన్నది అమ్మట.

చెల్లి చెయ్యి చూసి భయపడిందట. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో తెలిసినవాళ్లింట్లో మావ దాన్ని దించి వచ్చాడట. ముసలిదయ్యేదాకా అక్కడే హాయిగా బతికిందట. నాకు నిజం చెప్పేస్తానని అమ్మ అంటే ఆయనే వద్దన్నాడట.

"గుంటకి తల్లి మీద నమ్మకం పోకూడదు. నాను ఎలాగూ కుక్కల బండోడినే. ఆ మాట నా మీదికి తోసీ."

అమ్మ తోసేసింది. నేను నమ్మేశాను.

నిజం చెప్పాలంటే ఇప్పుడు అమ్మతో మాట్లాడబుద్ధి కావట్లేదు. కానీ మాట్లాడకపోతే ఆయన పన్నెండేళ్లు పడ్డ మాటలన్నీ గంగలో కలిసినట్టే.

అందుకే ఇవాళ పొద్దున్నే లేచి అమ్మకి టీ పెట్టిచ్చాను. పక్కనే కూర్చున్నాను.

మావా, ఇంక నిన్నెవరూ ఏమీ అడగరు. నిమ్మళంగా పడుకో.