ఖాలా చేయబోయిన చీజ్

మా పక్క క్వార్టరు ఖాలా పోయింది. మొదటి షిఫ్టు దిగి గని గేటు బయటికి వస్తుంటే ఆమె కొడుకు సైకిల్ పట్టుకొని నిలబడి ఉన్నాడు. "అన్నా, అమ్మీ పొద్దుగాల పోయింది. సాయంత్రం అసర్ నమాజ్ అయినంక తీస్కపోతం," అన్నాడు. పొద్దంతా భూమి కింద ఉండి వచ్చిన నాకు ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. ఇంటికి వెళ్లి స్నానం చేసి, కాసేపు గడపలో కూలబడ్డాను.

ఖాలా అంటే వాళ్ల మాటలో పిన్ని; పిలుపే గానీ ఆమె నాకు చుట్టం కాదు. మా రెండిళ్ల మధ్య ఒక గోడ, అంతే. కానీ నేను ఇంకా డ్యూటీ చేస్తున్నానంటే ఆమె వల్లనే. పెళ్లయిన కొత్తలో సైకిల్ మీంచి పడి కుడికాలు విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పాక డాక్టరు రోజూ నడవమన్నాడు. మోకాలు ఇలాగే బిగుసుకుపోతే మళ్లీ గని దిగలేవని కూడా చెప్పాడు. అసలే ఎండాకాలం. నాలుగడుగులు వేస్తే ప్రాణం పోయినంత పనయ్యేది. నేను మంచం దిగడం మానేశాను. మా ఆవిడ చెప్పి చెప్పి అలిసిపోయింది.

ఆ రోజుల్లోనే ఖాలాకు చీజ్ పిచ్చి పట్టుకుంది. ఎవరింట్లోనో టీవీలో చూసిందట, రొట్టె మీద పసుపుపచ్చని ముక్క. కిరాణా దుకాణానికి పోయి చీజ్ ఉందా అని అడిగితే, "ఏం చీజ్ ఖాలా?" అన్నాడట సేటు. వాళ్లింటి మాటలో చీజ్ అంటే వస్తువు. "నేను చీజ్ అంట, వాడు ఏం చీజ్ అంటడు. పొద్దంత గదే ముచ్చట," అని మా గడపలో కూర్చొని నవ్వింది. బడి పుస్తకాల్లో చీజ్ అంటే జున్ను అని రాస్తారని మా ఆవిడ అంది. "జున్ను నాకెర్కలేదా? గిది వేరే," అంది ఖాలా. ఇంట్లోనే చేసి చూస్తానంది.

మర్నాడు తెల్లారగానే నా మంచం పక్కన పాల క్యాను పెట్టింది.

"బేటా, బర్రెల కొట్టం దాక పోయి పాలు పట్కరా."

నా వల్ల కాదన్నాను.

"చీజ్ నాకు గావాలె, నడక నీకు గావాలె. ఇగ లే," అంది.

జాలి పడలేదు, బతిమాలలేదు. తిట్టుకుంటూ లేచాను. పాలు తెచ్చాక నిమ్మకాయలు లేవంది. ఆ పాలు చాయ్‌కి పోయాయి. నిమ్మకాయలు తెచ్చిన రోజు పల్చటి గుడ్డ కోసం దర్జీ దగ్గరికి పంపింది. అన్నీ కలిపి చెప్పొచ్చు కదా అని విసుక్కుంటే, "ఒక్కసారే తెస్తే రేపేం తెస్తవ్?" అనేది.

విరిగిన పాలను గుడ్డలో మూటగట్టి బండ కింద పెట్టింది. రంగు రావాలని పసుపు కూడా కలిపింది. ఆ ఎండలకు అది కంపు కొట్టింది. పారబోసి, ఉప్పు తక్కువైందేమో అని మళ్లీ క్యాను తెచ్చి పెట్టింది. చేసిన ప్రతిసారీ వేలితో నొక్కి, వాసన చూసి, ఇంత నోట్లో వేసుకొని ఆలోచనలో పడేది. మాకూ పెట్టేది. వద్దనే ఓపిక లేక తినేవాళ్లం. వానలు పడేనాటికి చీజ్ కాలేదు గానీ నా మోకాలు వంగింది. డ్యూటీకి బయల్దేరిన రోజు దండం పెట్టబోతే, "పో పో, బస్సు పోతది. ఇగ పాలెవరు తెస్తరో," అంది.

తర్వాతంతా షిఫ్టులే. చివరికి చక్కెర జబ్బుతో తనే మంచం పట్టింది. నేను వెళ్లి కూర్చుంటే, తన సంగతి వదిలేసి, "కాలెట్లుంది బేటా?" అని అడిగేది. ఆ గొంతు ఇక వినపడదనుకుంటే ఇల్లు బోసిగా అనిపించింది.

సాయంత్రం జనాజా వెంట వెళ్లాను. ఖబరస్తాన్ దూరం. ఎండ ఇంకా తగ్గలేదు, తారురోడ్డు సెగ చెప్పుల్లోకి కొడుతోంది. నేనూ పాడెకు భుజం పట్టాను. కొంత దూరం పోయేసరికి మోకాలు సలపడం మొదలుపెట్టింది. పక్కన నడుస్తున్న ఆమె కొడుకు చూశాడు.

"అన్నా, కాలు గుంజుతున్నట్టుంది. ఇటియ్యి."

"ఇంకొంచెం దూరం," అన్నాను.

మలుపు దాటాక మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పి, కుంటుకుంటూ నడిచాను.