పది కోట్ల ఒకటి

ఫ్యాను వేగం పెంచగానే చర్చి గోడమీది పాటల పలకలో రేకు అంకెలు టకటకమంటాయి. మా చొప్పదండి చర్చిలో అందరూ ఆ అంకెలు చూసి పాటల పుస్తకం తెరుస్తారు. నేను మాత్రం మూడు పాటల అంకెలనూ వరుసగా చేర్చి, ఒకే పెద్ద సంఖ్య చేసి, శేషం లేకుండా దేనితో తెగుతుందో అని కొట్టుకులాడుతుంటాను. డెబ్భై దాటినా వదలని ఈ రోగం కరుణమ్మ టీచర్ అంటించింది.

ఆమెది మా పక్కిల్లు. బడిలో లెక్కలు చెప్పేది, ఆదివారాలు ఆ పలకమీద అంకెలు మార్చేది. ఇంటర్ అయ్యాక నాకు చదువు మీద మనసు నిలవలేదు. ముంబైలో పని చూపిస్తానని అక్కడుండే మా కాక, బాపు తమ్ముడు, కబురు పెట్టాడు. బాపుకేమో నన్ను డిగ్రీ చదివించాలని ఆశ. "నా మాట ఇంటలేడు, జర మీరన్న చెప్పున్రి టీచరమ్మా," అంటూ ఆమె ముందు నిలబెట్టాడు.

టీచర్ నాకు నీతులేమీ చెప్పలేదు. చర్చి బెంచీ మీద రేకు అంకెలు పరిచింది. రెండు చివరలా ఒకట్లు, నడుమ ఏడు సున్నలు. సున్నలు చాలక సోడా మూతలు పెట్టింది.

"పది కోట్ల ఒకటి. దీన్ని పగలగొట్టురా, శేషం లేకుండ దేనితోని తెగుతదో పట్టు. పగిలితే పో, మీ బాపుకు నేనే చెప్త."

నోటిలెక్కతో నిమిషంలో పగలగొట్టానని ఊరంతా చెప్పుకున్నాను. మనవళ్ల దగ్గర అర నిమిషం చేశాను. నిజానికి గచ్చంతా సుద్దతో నింపి, పదమూడు దగ్గర తప్పి, మళ్లీ మొదలుపెట్టి, సాయంత్రానికి పట్టుకున్నాను. పదిహేడు!

"పగిలింది టీచర్!"

"శభాష్. పెద్ద ముక్క ఎంతొచ్చింది?"

"58,82,353."

ఆమె ఆ అంకెలు పేర్చి, వేలితో చీల్చింది. ఇటు 588, అటు 2353. "ఒక్కోదాన్ని దానితోనే గుణించి, రెండూ కలుపు. గిప్పుడు కాదు, బస్సుల కూసొని చెయ్." మాట ప్రకారం బాపుతో "పోనియ్యన్నా" అంది. బాపు ముఖం వాడిపోయింది.

కరీంనగర్ బస్టాండులో ముంబై బస్సెక్కి, పేపరు అంచుమీద గుణించాను. కలిపితే మళ్లీ 58,82,353! తప్పేమోనని ఇంకోసారి చేశాను. అదే! కదులుతున్న బస్సులోంచి సంచీతో సహా దూకాను. దూకడమంటే, కండక్టరును బతిమాలి ఆపించుకుని దిగాను. తిన్నగా టీచర్ ఇంటికే పోయాను.

"ఎందుకట్లయితది టీచర్?"

"నాకేమెరుక? చదువుకొని నువ్వే చెప్పు."

డిగ్రీలో లెక్కలే తీసుకున్నాను. కారణం నేను పగలగొట్టి పారేసిన పది కోట్ల ఒకటిలోనే దొరికింది. పదివేల వర్గానికి ఒకటి కలిపితే ఆ సంఖ్య వస్తుంది. 8824, 4705ల వర్గాలు కలిపినా వస్తుంది. పదివేలలోంచి 8824 తీసి సగం చేస్తే 588. 4705కు ఒకటి కలిపి సగం చేస్తే 2353. టీచర్ వేలితో చీల్చిన రెండు ముక్కలూ అవే! పరుగున పోయి చెప్పాను. అప్పటికి చూపు తగ్గిన టీచర్ గాలిలో వేలితో రాసుకుంటూ చివరిదాకా విన్నది.

"గది నాకు గప్పుడే ఎరుకరా. ఎరుకలేదంటెనే నువ్వు బస్సు దిగుతవని గూడ ఎరుకే."

ఆమె పోయాక పలకమీద అంకెలు నేనే మారుస్తున్నాను. పాస్టరుగారు చివరి ప్రార్థనకు లేవమంటున్నారు. ఇవాళ్టి సంఖ్యలో ముప్పై ఏడు దాకా వచ్చాను. ఇంకా పగలలేదు.