రెండే సీట్ల కారు

ఆ రోజుల్లో అసూయ పుట్టడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. పక్కవాళ్ల చీర కొత్తదైతే చాలు. నాకు మాత్రం పక్క గేటు మీద పుట్టింది. నవ్వకండి. ఇరవై ఒక్క ఏళ్ల వయసులో జడ్చర్ల దగ్గరి పల్లె నుంచి గోపన్‌పల్లికి కోడలిగా వచ్చి, గచ్చిబౌలిలో ఓ అద్దాల సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు సెక్యూరిటీ గార్డుగా చేరాను. ఉద్యోగం ఇప్పించింది మా ఆడబిడ్డే, అంటే మా ఆయన చెల్లెలు. నా ఈడుదే, అప్పటికే అక్కడ గార్డు. మేలు చేసిన మనిషి మీద కుళ్లుకోవడం పాపమని తెలుసు. అయినా కుళ్లుకున్నాను. తనకు పెద్ద రోడ్డు వైపున్న ముందు గేటు ఇచ్చారు, నాకు సందులోని వెనక గేటు. తన ముందు నుంచి లోకమంతా పోయేది. నా ముందు నుంచి క్యాంటీన్ కూరగాయల ఆటో, జనరేటర్ డీజిల్ డ్రమ్ములు, నీళ్ల ట్యాంకర్లు పోయేవి. (అందులో ఒక ట్యాంకర్‌కు డ్రైవర్ మా ఆయనే. ఇంట్లో చూసిన మొహాన్నే మళ్లీ ఇక్కడా చూడాలి.)

ముందు గేటు ఎదుట ఫుట్‌పాత్ మీద మా ఆఫీసు ఇంజనీరొకాయన సాయంత్రాలు కెమెరా పట్టుకుని నిలబడేవాడు. కోట్లు పోసి కొన్న విదేశీ కార్లు ఆ దారిన పోతుంటే ఫొటోలు తీయడం ఆయనకు పిచ్చి. ఆ పిచ్చి మా ఆడబిడ్డకు అంటుకుంది, ఆమె నుంచి నాకు అంటింది. వాటి పేర్లు మాకు నోరు తిరిగేవి కావు, అందుకని ఆమె సొంత పేర్లు పెట్టుకుంది. నేలకు ఆనుకుని పోయే ఎర్రది కప్ప, పసుపుది మిడత, తలుపులు పైకి లేచేది గబ్బిలం. రోజూ ఇంటికొచ్చి చాయ్ తాగేటప్పుడు మొదలుపెట్టేది.

“వదినా, ఇయ్యాల గబ్బిలమొచ్చింది. నా గేటు ముందల్నే సిగ్నల్ పడ్డది. కండ్ల నిండ చూసిన. నీకేమొచ్చింది?”

“వంకాయలు,” అనేదాన్ని.

“పుచ్చులు లేకుండెనా?” అని అడిగేది అత్త. ఆ ఇంట్లో నా గేటు మీద గౌరవం ఉన్నది ఆమె ఒక్కదానికే.

ఒకరోజు ఇక తట్టుకోలేక, వెనక సందులోకి బంగారు రంగు కారొకటి దారి తప్పి వచ్చిందని చెప్పేశాను. ఆడబిడ్డ గ్లాసు కింద పెట్టి, పోలీసులా నా వైపు తిరిగింది. “సైలెన్సర్లు ఎన్ని? వెనకకున్నయా, పక్కకున్నయా?” నేను కాసేపు ఆలోచించి, ఒకటేనని, పక్కకు ఉందని చెప్పాను. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. “గది నా ట్యాంకరే కావచ్చు!” ఆ రోజు నుంచి ఆడబిడ్డ నన్ను ‘ట్యాంకర్ వదినా’ అనే పిలిచింది. నిజం చెప్పినా నమ్మడం మానేసింది. చాయ్‌లో చక్కెర వేశానన్నా రుచి చూసి గానీ ఒప్పుకునేది కాదు.

వాళ్లిద్దరూ, అంటే ఆడబిడ్డా, ఇంజనీరూ, అన్నిటికంటే ఎక్కువగా ఎదురుచూసే కారు ఒకటుంది. పాతకాలపుది, ముదురు పచ్చ రంగుది. పైన కప్పు లేదు, రెండే సీట్లు, సైకిల్ చక్రాల్లా తీగల చక్రాలు. ఊరు మొత్తానికి అలాంటిది ఒక్కటేనట, ఎప్పుడోగానీ బయటికి రాదట. ఇంజనీరు మూడేళ్లు కాపలా కాసినా దొరకలేదు. అది తనకే కనబడాలని ఆడబిడ్డ మైసమ్మకు కొబ్బరికాయ మొక్కింది. ఆమెకు కనబడొద్దని నేను రెండు మొక్కాను.

అప్పుడు తెలంగాణ ఉద్యమం ఊపు మీదుంది. వారానికో బందు, పది రోజులకో రాస్తారోకో. ఒకనాడు ఖాజాగూడ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే రాళ్ల పొయ్యిలు వేసి, వండి, అందరూ అక్కడే కూర్చుని తింటూ దారి ఆపేస్తారన్నమాట. క్యాంటీన్ మూసేశారని నాకు సెలవు దొరికింది. ఆడబిడ్డ మాత్రం కావాలనే డ్యూటీకి పోయింది. “రోడ్లన్నీ ఖాళీ. పెద్దోళ్లు బండ్లు ఉరికిచ్చెతందుకు ఇయ్యాలనే తీస్తరు, చూడు,” అంది. మా ఆయన ట్యాంకర్‌లో నన్నూ అత్తనూ ఖాజాగూడలో దింపి వెళ్లిపోయాడు. అత్త చీర కొంగు బిగించి, యాభై మందికి పచ్చిపులుసు పిసకడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం కావస్తుండగా గుడగుడమంటూ చప్పుడు వినిపించింది. తలెత్తి చూస్తే పచ్చ రంగు, తీగల చక్రాలు, రెండే సీట్లు. నా చేతిలోని ఉల్లిగడ్డ రోడ్డు మీద పడి దొర్లిపోయింది. పొయ్యిలు అడ్డం రావడంతో కారు ఆగింది. తెల్ల మీసాల పెద్దాయన ఒక్కడే నడుపుతున్నాడు. మావాళ్లు చుట్టూ మూగి నినాదాలు మొదలెట్టగానే ఆయన చేతులెత్తాడు. “జై తెలంగాణ! నేను గూడ ఈడోడినే, భాయ్. ఇంజను గరమైంది. జర నీళ్లు ఇప్పియ్యుండ్రి.”

“బండికి తర్వాత పోద్దురు గనీ, ముందుగాల మీరు తినుండ్రి అన్నా,” అంటూ అత్త విస్తరి వేసింది. ఆయన నడిరోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నేను పరుగున పోయి ఆడబిడ్డకు ఫోన్ చేశాను.

“పిల్లా, పచ్చకారు! నా ముందలనే ఉంది!”

“ఇగ ఆపు, ట్యాంకర్ వదినా.”

నా ఫోన్‌కు కెమెరా లేదు. ఏం చేయాలో తోచక, తింటున్న పెద్దాయనను బతిమాలి హారన్ కొట్టించాను. ఎడమ చేత్తో ‘పాంయ్’ మనిపించాడు పాపం.

“గది ఐస్‌క్రీం బండి,” అని ఫోన్ పెట్టేసింది.

నాకు ఏడుపొచ్చింది. లోకంలో అంత గొప్ప వస్తువు కళ్లెదుట నిలబడి ఉన్నా, కుళ్లుకోవాల్సిన మనిషి కుళ్లుకోకపోతే ఏం లాభం?

పెద్దాయన రెండుసార్లు పులుసు పోయించుకుని తిన్నాడు. ఈలోపు ఇంజను చల్లబడింది, అత్త తెచ్చిన బిందెడు నీళ్లు పోశాడు. సంతోషం పట్టలేక, “ఎవరన్న ఒక్కలు కూసోండ్రి, చెరువు దాక తిప్పుకొస్త,” అన్నాడు. నేను అప్పటికే చేతులు కడుక్కున్నాను. జడ సర్దుకున్నాను. ఒక చెప్పు విడిచాను కూడా. (కారులోకి చెప్పులతో ఎక్కకూడదేమోనని.) అంతలో వెనక నుంచి ఎవరో అరిచారు. “అన్నం పెట్టింది, నీళ్లు తెచ్చింది పెద్దమ్మ! పెద్దమ్మనే ఎక్కియ్యుండ్రి!”

“నాకెందుకు బిడ్డా,” అంటూనే అత్త ఎక్కి కూర్చుంది. చేతిలో గరిటె కూడా దింపలేదు.

కారు వెనక్కి తిరిగి ఖాళీ రోడ్డు మీద దూసుకుపోయింది. సరిగ్గా అప్పుడే, డ్యూటీ దిగి, చాయ్ బండాయన సైకిల్ అడుక్కుని, యూనిఫాంలో చెమటలు కక్కుతూ ఎదురుగా వస్తోంది మా ఆడబిడ్డ. నమ్మలేదు గానీ ఉండబట్టలేకపోయిందన్నమాట. పచ్చకారు ఆమె పక్క నుంచే పోయింది. అందులో ఆమె కన్నతల్లి, కొంగు గాలికి ఎగురుతుంటే, గరిటె పైకెత్తి ఊపుతోంది.

“అమ్మా! ఆపు!” అని అరిచింది. అత్త ఆపించలేదు.

ఆడబిడ్డ సైకిల్ దిగి నా పక్కన నిలబడింది. కారు పోయిన దిక్కే చూసింది. తర్వాత నెమ్మదిగా, “నిజమే చెప్పినవ్ వదినా,” అంది.

“ఏం ఫాయిదా, పిల్లా,” అన్నాను. ఇద్దరం చేతులు పట్టుకుని, మనసారా అత్త మీద కుళ్లుకున్నాం. మా ఇద్దరికీ అంత పొత్తు కుదరడం అదే మొదలు.

అత్త తిరిగొచ్చింది. దింపడానికి ఇద్దరం చెరో రెక్కా పట్టి లాగాల్సి వచ్చింది. “ఏం బండే గిది, పీట మీద కూసున్నట్టే ఉంది! కండ్ల నిండ దుమ్ము. కప్పు గూడ ఏపించుకోలే పాపం, పైసల్లేవేమో,” అంటూ పోయి పులుసు కలిపింది. ఆ మాటకు ఆడబిడ్డ నిజంగానే ఏడ్చింది.

ఇప్పుడు నేను నలభైకి దగ్గర పడ్డాను, సూపర్‌వైజర్‌ను. ఆడబిడ్డ పెళ్లై మూసాపేటలో ఉంటోంది. కప్పలూ మిడతలూ మా పార్కింగ్‌లోనే బారులు తీరి నిలబడుతున్నాయి, ఎవరూ తలతిప్పి చూడరు. మొన్న ఒక సారు తాళం చేతికిస్తూ, “కావాలంటే కూర్చుని చూడండి మేడం,” అన్నాడు. కూర్చున్నాను. మెత్తగా ఉంది, చల్లగా ఉంది. చుట్టూ చూశాను, కుళ్లుకునేవాళ్లు ఒక్కరూ లేరు. రెండు నిమిషాలకే దిగి, తలుపు మెల్లగా వేశాను. అదే ఇరవై ఒక్క ఏళ్ల ఆ వెనక గేటు పిల్లయితేనా, గోపన్‌పల్లి దాకా వినబడేలా ఆ హారన్ కొట్టి ఉండేది.