రిజిస్టరులో లేని జీలుగ

మా పై అధికారికి తొందర ఎక్కువ, నాకు ఓపిక తక్కువ. మా ఇద్దరి గుణాలూ కలిసి నన్ను చిత్తూరు జిల్లాకు తోలాయి. యుద్ధం రోజులు. తిండిగింజలు ఎక్కువ పండించమని ఊరూరా గోడలకు కాగితాలు అంటిస్తున్నారు. రైతులకు కొత్త సాగు నేర్పడానికి పల్లెల్లో వేసిన డిమాన్‌స్ట్రేటర్ల వల్ల ప్రయోజనం ఉందా, లేక ఆ ఉద్యోగాలు ఎత్తెయ్యాలా? అది తేల్చమన్నారు. శుక్రవారం సాయంత్రం అయిదింటికి మద్రాసులో కమిటీ కూర్చుంటుంది. ఆలోగా నా రిపోర్టు చేరాలి. బుధవారం పొద్దున ఏడింటి బండి ఎక్కాను.

రేణిగుంటలో బండి మారి తిరుపతిలో దిగేసరికి ఒంటిగంట. సత్రంలో గది లేదన్నారు, వసారాలో చాప ఇచ్చారు. పక్క చాప మీది పెద్దాయన అప్పుడే గుండు చేయించుకుని చందనం పూసుకుంటున్నాడు. "ఇంత దూరమొచ్చి కొండకు పోకుండా ఈడ కూసున్నావే!" అన్నాడు. పని ఉందన్నాను. నిజానికి ఆ పూట పనేమీ లేదు. చిత్తూరు బండి మర్నాటి పొద్దున గాని లేదు. అయినా కాలు నిలవక స్టేషనుకీ సత్రానికీ మధ్య నాలుగుసార్లు తిరిగాను.

గురువారం పాకాలలో రెండు ఇడ్లీలు, నీళ్ళలాంటి కాఫీ. బండి ఆడుతూ పాడుతూ నడిచి పదకొండున్నరకు చిత్తూరు చేర్చింది. అక్కడి ఆఫీసులో నాలుగు ఊళ్ళ రిజిస్టర్లు నా ముందు పెట్టించుకున్నాను. నాలుగూ మునిరత్నం అనే డిమాన్‌స్ట్రేటరు చేతికింద ఉన్నవే. అతన్నీ పిలిపించాను. ముప్ఫయ్యేళ్ళుంటాయేమో, సైకిలు తొక్కి తొక్కి ఎండిపోయిన మనిషి. అతను రైతులకు నేర్పింది జీలుగ సాగు. వరి నాటడానికి ముందు మడిలో జీలుగ పెంచి, పచ్చగా ఉండగానే కలియదున్నితే నేలకు మంచి ఎరువు. రిజిస్టరు చూస్తే మొదటి ఏడు జనం ఎగబడి విత్తనం కొన్నారు. రెండో ఏడు నలుగురే. ఈ ఏడు ఒక్కడూ లేడు.

"ఏమయ్యా ఇది?" అన్నాను.

"ఒకతూరి ఊర్లోకి రాండి సార్. ఆడ సూడాల్సిందే. ఈడ చెప్తే సాకు చెప్తా ఉండాననుకుంటారు" అన్నాడు.

సాకే అనుకున్నాను. ఊళ్ళోకి పోతే ఒక పూట పడుతుంది. రిజిస్టరు చాలన్నాను. అతను ఇంకేదో చెప్పబోయి, నేను గడియారం తీయడం చూసి ఊరుకున్నాడు. నాలుగు ఊళ్ళలోనూ బోధన విఫలమైందనీ, మునిరత్నం పోస్టు అనవసరమనీ రాసి సాయంత్రం టపాలో వేశాను. మద్రాసుకు పొద్దునే అందుతుందని పోస్టుమాస్టరు భరోసా ఇచ్చాడు. ఒక పని అయిపోయిందనుకున్నాను గాని, ఆ రాత్రి భోజనం రుచించలేదు.

శుక్రవారం ఎనిమిదిన్నరకు పుత్తూరు బస్సు ఎక్కాను. అక్కడ మద్రాసు బండి దొరుకుతుంది. బస్సు కార్వేటినగరం మీదుగా పోతుంది. నా రిపోర్టులో మొదటి ఊరు ఆ దారిలోనే ఉంది. బస్సులోంచి ఒకసారి అలా చూస్తే మనసు కుదుటపడుతుందనుకున్నాను. పెట్రోలు కరువు కాబట్టి అది బొగ్గు బస్సు. ఎత్తు రాగానే ఆగిపోయింది. అందరినీ దించి, కండక్టరు వెనక తొట్టిలో బొగ్గు పోసి, గాలిచక్రం తిప్పడం మొదలుపెట్టాడు.

"ఎంతసేపు?" అన్నాను.

"పొగ సక్కంగా వచ్చేవరకు సార్" అన్నాడు. ఇంకో గంటని అర్థమైంది.

విసుక్కుంటూ పక్క పొలాల్లోకి నడిచాను. వరి కోసిన మడులు. గట్ల మీద మాత్రం మనిషెత్తు మొక్కలు వరసగా నిలిచి, ఎండిన కాయలతో గలగలమంటున్నాయి. జీలుగ. ఒక గట్టు కాదు, కంటికి ఆనినంత మేర ప్రతి గట్టు మీదా. యాభై దాటిన ఒకామె కాయలు కోసి చేటలో వేస్తోంది.

"ఏ ఊరమ్మా ఇది?" అన్నాను. ఆమె చెప్పింది నా రిపోర్టులోని మొదటి ఊరి పేరే.

"విత్తనం ఎక్కడ కొన్నారు?"

"కొనేదేంది సామీ? మునిరత్నమప్ప మొదటేడు ఇప్పించినాడు. గట్టు మీద నాలుగు మొక్కలు ఇత్తనానికి ఇడ్సిపెట్టండని ఆయప్పే చెప్పినాడు. ఇంగ కొనే పనేముండాది?"

"లేనివాళ్ళకు అమ్ముతారా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఇత్తనం యాడన్నా అమ్ముతారా? మా ఊర్లో అమ్మం. తమలపాకు పెట్టి ఒక పడి గింజలు కొలిచి ఇస్తాం, పంటయినాక వాళ్ళు ఆ పడి తెచ్చిస్తారు. మా బిడ్డను ఆ కొండ పక్క ఊర్లో ఇచ్చినాం. పోతా ఇత్తనం కొంగులో కట్టుకోనిపోయింది. ఇప్పుడు ఆడంతా ఇదే."

ఆ కొండ పక్క ఊరు నా రిపోర్టులో రెండోది. నాకు సిగ్గేసింది. మా రిజిస్టరులో అమ్మకానికి గడి ఉంది గాని తమలపాకు పెట్టి ఇచ్చినదానికి లేదు. మునిరత్నం ఎంత బాగా నేర్పాడో, అతని రిజిస్టరు అంత ఖాళీ అయింది. ఆ ఖాళీ చూపించే నేను అతని కూడు తీసేశాను.

బస్సు దగ్గరకు పరుగెత్తుకొచ్చాను. అది కదిలేసరికి పన్నెండున్నర. కార్వేటినగరంలో జనం ఎక్కడానికి ఇరవై నిమిషాలు. పాత కోట చూసి పొండన్నాడు కండక్టరు తీరిగ్గా. వాణ్ణి కొట్టాలనిపించింది.

పుత్తూరు స్టేషనుకు చేరేసరికి మూడు దాటింది. తంతి కాగితం తీసుకుని మొదట, అదనపు రిపోర్టు పంపుతున్నానని మర్యాదగా రాశాను. మా అధికారి దాన్ని ఫైలులో తోసి పోస్టు రద్దు చేస్తాడని నాకు తెలుసు. చించేశాను. రెండో కాగితం మీద ఇంగ్లీషులో రాసినదానికి తెలుగు ఇది: రిపోర్టు రద్దు చేయండి. ఊళ్ళు చూడకుండా రాశాను. తప్పు నాది, మునిరత్నానిది కాదు.

తంతి గుమాస్తా చదివి తలెత్తాడు. "సార్, ఇది మీ ఆఫీసుకే కదా పోయేది? తప్పు మీదేనని కాకుండా ఇంకో మాట రాస్తే బాగుంటాది."

"ఇంకో మాట లేదు. కొట్టండి" అన్నాను.

మద్రాసు బండి నాలుగుంబావుకు వచ్చింది. కూర్చోలేక తలుపు దగ్గరే నిలబడ్డాను. తంతి అందిందనీ, మునిరత్నం పోస్టు నిలిచిందనీ రెండు రోజులకు గాని తెలియలేదు. నన్ను మళ్ళీ తనిఖీకి పంపలేదు. పంపకపోవడమే న్యాయం. ఆ సీమకు వెళ్ళేవారికి నేను చెప్పగలిగింది ఇంతే: బండ్లు ఆలస్యం, బస్సులు ఇంకా ఆలస్యం, మనుషులు మాత్రం అడిగితే దాచుకోకుండా చెబుతారు.

ఆ శుక్రవారం బండిలోనే, తిరుత్తణిలో ఎక్కిన ఒక రైతు నా పక్కన మూట దించుకుని, మాటిమాటికీ నేను గడియారం చూడడం గమనించాడు.

"యాడికి పోయొస్తా ఉండారు?"

"మీ జిల్లాలో సాగు ఎలా ఉందో చూడడానికి వచ్చాను. నాలుగు ఊళ్ళ మీద రిపోర్టు రాశాను."

"రాసింది సరేనప్పా. సూసింది ఎన్ని?"

"ఒకటి" అన్నాను. "అదీ బస్సు ఆగిపోతే."