మూడోసారి పిలవని పిట్ట

మా చిన్నప్పుడు... శివరాత్రి వెళ్ళేసరికి మా దొడ్డి వెనక మోదుగులు ఎర్రగా విరబూసేవి. ఆ పూల మీదికి గులాబీ రంగు ఒంటి గోరింకలు గుంపులు గుంపులుగా దిగేవి. ఎక్కణ్ణుంచి వచ్చేవో తెలియదు. వాటి గోలకు ఇంట్లో మాట వినపడేది కాదు. ఒక పొద్దున లేచి చూస్తే... ఒక్కటీ ఉండేది కాదు. కింద రాలిన పూలు, చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం.

మాది దుమ్ముగూడెం నుంచి పర్ణశాల పోయే దారిలో చిన్న ఊరు. ఎనభైల నాటి మాట. నాన్న కాంపౌండర్. మా కంచె దాటితే అడవే.

వచ్చీపోయే ఆ పిట్టలను మా ఇంట్లో శ్రద్ధగా చూసే మనిషి సుగుణత్త ఒక్కతే. నాన్న చెల్లెలు. గోదావరిలో పడవ తిరగబడి మామ కొట్టుకుపోయాడు. మిగతావాళ్ళు ఈది బయటపడ్డారు గానీ ఆయన శవం కూడా దొరకలేదు. ఆనాటి నుంచి అత్త నోట మాట లేదు. పెడితే తినేది, చెబితే పని చేసేది... మిగతా పొద్దంతా దొడ్డి గుమ్మంలో కూచుని చెట్లకేసి చూసేది. నుదుట బొట్టు మాత్రం రోజూ పెట్టుకునేది. తియ్యమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

భద్రాచలంలో రాములవారి కల్యాణం అయిపోయి ఎండలు ముదిరాక ఇంకో పిట్ట వచ్చేది. దాని అసలు పేరు మాకెవరికీ తెలియదు. ఈలపిట్ట అనేవాళ్ళం. ఆకుపచ్చ వీపు, తోక కింద నెత్తురు ముద్దలా ఎరుపు. ఎండుటాకుల్లో గెంతుతూ ఉండేది, కంటపడటమే అరుదు. సందెవేళకు మాత్రం ఈల వేసేది... అచ్చం మనిషి వేసినట్టే. ఒకసారి... కాసేపాగి ఇంకోసారి. అంతే. మూడోది మేమెప్పుడూ వినలేదు.

ఆ ఈల వినపడగానే నాయనమ్మ మమ్మల్ని లోపలికి లాగేది. "పలుకకున్రి బిడ్డా! సందెపూట ఎవలు పిలిచినా రెండుసార్ల దాకా పలుకొద్దు. దయ్యమైతే మూడోసారి పిలువది. మూడోసారి పిలిచిందంటేనే మనిషి."

మామ పోయాక వచ్చిన ఎండాకాలం, పిట్ట వచ్చిన మొదటి సాయంత్రం... దొడ్లో ఈల వినపడింది. వెంటనే ఇంకోటి, మా ఇంట్లోంచే.

అమ్మ చేతిలో చాట జారిపడింది. గుమ్మంలో అత్త. పెదాలు ఇంకా సున్నాలా చుట్టుకునే ఉన్నాయి.

"ఓ సుగుణా... ఏందే ఇది?" అంది నాయనమ్మ. అత్త తల తిప్పనే లేదు. చెట్లలోంచి మళ్ళీ ఈల వచ్చింది. అత్త మళ్ళీ పలికింది.

నాకు అప్పుడే తెలిసింది... మామకు రేవు నుంచి ఇంటికొస్తూ ఈల వేసే అలవాటట. అమ్మ గుసగుసగా చెప్పింది.

నాయనమ్మ తాయెత్తు తెచ్చి అత్తకు కట్టింది. "పిట్టకు పలికితే తాయెత్తులెందుకే అమ్మా?" అన్నాడు నాన్న. అన్నాడే గానీ, సాయంత్రం కాగానే దొడ్డి తలుపు గడియ ఆయనే పెట్టేవాడు. అత్త ఆ తలుపుకు చెవి ఆనించి నిలబడేది.

ఒకరోజు నాన్న ఊళ్ళో లేడు. చూసేసరికి తలుపు బార్లా తీసి ఉంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని కంచె దాటింది. ఇప్పచెట్ల మధ్య ఎండుటాకుల మీద కూచుని ఉంది అత్త. ఆమెకు చేతికందేంత దూరంలో ఆ పిట్ట. బెదరడం లేదు.

అప్పుడే ఈల వినపడింది... అడవి లోపల్నుంచి. నేను పిట్టనే చూస్తున్నాను. దాని ముక్కు మూసే ఉంది.

అమ్మ గబుక్కున అత్త భుజం పట్టుకుంది. "సుగుణా, లే. ఇంటికి పోదాం పా."

మళ్ళీ ఈల. ఈసారి ఇంకొంచెం దగ్గరగా.

"ఆగు వదినా." అత్త గొంతు! తుప్పు పట్టిన గడియ తీసినట్టుంది. "రెండు అయినయ్. ఇంకొక్కసారి పిలిస్తే మనిషే... ఆయనే. పిలిస్తే నేను పోత."

అమ్మ కూడా పక్కనే కూచుంది. నేను అమ్మ కొంగు నోట్లో కుక్కుకున్నాను. వెలుగు తగ్గుతూ పోయింది. ఆకు కూడా కదలడం లేదు. పిలవాలని కోరుకోవాలో, వద్దనుకోవాలో తెలియలేదు నాకు... అమ్మకూ తెలియలేదేమో, అత్త చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

మూడో ఈల రాలేదు.

పిట్ట ఎప్పుడు ఎగిరిపోయిందో చూడలేదు. ఒకరి మొహం ఒకరికి కనపడనంత చీకటి పడ్డాక అత్తే లేచింది. "రాడు వదినా. పోదాం పా" అంది. నాలుగడుగులు వేసి కూలబడి ఏడ్చింది... మామ పోయాక అత్త ఏడవడం అదే మొదలు.

మర్నాడు గాలివాన. ఆ ఏడు ఈలపిట్ట మళ్ళీ వినపడలేదు. అత్త బొట్టు చెరపలేదు. మాట్లాడటం మాత్రం మొదలుపెట్టింది... మొదట ఉప్పు అనీ, నీళ్ళు అనీ. తరవాత ఆడపిల్లల హాస్టల్లో ఆయా పనికి కుదిరింది. వందమంది పిల్లల్ని కేకలేసి నిద్ర లేపే మనిషయింది!

పెద్దయ్యాక ఒకసారి అడిగాను. "ఆ రోజు పిలిచుంటే నిజంగా పోయేదానివా అత్తా?"

"చాయ్ చల్లారుతది, తాగు" అంది.

ఇప్పుడక్కడ మోదుగులు లేవు, ఇప్పచెట్లు లేవు. అంతా జామాయిల్ తోట. నేనుండేది పట్నంలో, ఖానాపురం హవేలి అనే బస్తీలో... ఇంటికీ ఇంటికీ మధ్య చెయ్యి దూరదు. ఏ పిట్టయినా దారి తప్పి వచ్చి వాలినా, ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో గుమ్మంలో కూచుని చూసేవాళ్ళు ఎవరున్నారు...

మీ దొడ్లోకి ఎండాకాలం ఏ పిట్టలు వచ్చేవి? అసలు పేరు తెలియకపోయినా పర్లేదు... మీ ఇంట్లో పిలుచుకున్న పేరే చెప్పండి.