అద్దంకి రోడ్డు కాలువ గట్టు మీద వార్బ్లర్లు: ఉన్నాయా, పోయాయా?

వార్బ్లర్లంటే తెలియనివాళ్లకు ముందే చెబుతాను. పిచ్చుక కన్నా చిన్నవి, మట్టిరంగువి, ఒకదానికీ ఇంకోదానికీ తేడా కనిపించి చావదు. చలికాలానికి ఎక్కడో ఉత్తరాది దేశాల నుంచి మన మిరప చేల గట్ల మీదికి వచ్చి, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. ఆకుల చాటు నుంచి బయటికి రావు కాబట్టి వీటిని కంటితో కాదు, చెవితో పట్టుకోవాలి. నా గొడవంతా అక్కడే వచ్చింది. పోయిన డిసెంబరులో మా పక్షుల బృందంతో వెళ్లినప్పుడు అందరూ ఒక్కసారిగా తలలెత్తి, అదిగో అరుస్తోంది అన్నారు. నాకేమీ వినపడలేదు. అయినా అందరితో పాటు నేనూ తలూపాను. తర్వాత చెవుల డాక్టరు దగ్గరికి వెళితే, సన్నని శబ్దాలు పోతున్నాయమ్మా, వయసు కదా, ఇక తిరిగి రావు అన్నారు.

నాకు అరవై ఒకటి. టీవీ వినపడుతుంది. పక్కింటివాళ్ల పోట్లాట మాటమాటా వినపడుతుంది. అలాంటిది పిట్ట గొంతు ఒక్కటే వినపడకపోవడమేమిటని ఆ డాక్టరు మీద ఒళ్లు మండింది. చేలల్లో ఇన్ని మందులు కొడుతుంటే పురుగే మిగల్లేదు, ఇంక పిట్ట ఏం తిని బతుకుతుంది, అవి రావడమే మానేశాయేమో, మా బృందంవాళ్లు గొప్పలకు పోయారేమో అనుకున్నాను. తేల్చుకోవాలంటే నాకు బాగా తెలిసిన చోటికి పోవాలి. చిలకలూరిపేట దాటి అద్దంకి వైపు వెళ్తే కాలువ గట్టున జమ్ముగడ్డి, తుమ్మచెట్లు ఉంటాయి. తిరుగు ప్రయాణానికి ముందు, మార్చిలో, ఈ పిట్టలు అక్కడ లోగొంతుకతో పాడుకుంటాయి. ఏళ్ల తరబడి విన్నాను. అక్కడ పిట్టలే లేకపోతే తప్పు నా చెవులది కాదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, లేకపోతేనే బాగుండునని కోరుకుంటూ బయల్దేరాను.

గుంటూరులో తెల్లవారుజామున అయిదింటికి బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు. గంట దాటేసరికి పేటలో దిగి, బస్టాండు ఎదురుగా నేతి కారప్పొడి ఇడ్లీ తిని, మధ్యాహ్నం దాకా పన్నెండు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు పేరు యేసోబు. ముప్పై అయిదేళ్లుంటాయి, ఆదివారాలు చర్చిలో డోలక్ వాయిస్తాడట. పిట్టల కోసం గుంటూరు నుంచి వచ్చానంటే పగలబడి నవ్వాడు.

"మా ఇంటికాడ కోళ్లున్నాయి గదమ్మా, ఆ పన్నెండు వందలూ మిగిలేవి" అన్నాడు.

మొదట మిరప కల్లాల దగ్గర ఆగాం. నేలంతా ఎర్రగా పరుచుకుని ఉంది. ఘాటుకు నేను వరసపెట్టి తుమ్ముతుంటే కాయలు ఏరుతున్న ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకోమని సలహా ఇచ్చారు. కల్లం పక్క బీడులో ఎండ పడేసరికి, నేను ఆశపడ్డదాని కన్నా గొప్ప దృశ్యం దొరికింది. వేలెడంత తొండ ఒకటి మట్టిపెళ్ల మీదికి ఎక్కి, గొంతు కింద నీలం, నలుపు, నారింజ రంగుల తోలును విసనకర్రలా విప్పి మూసి, విప్పి మూసి చూపించింది. ఆడదాన్ని పిలవడానికి మగది చేసే హంగామా అది. నోటి వెంట చప్పుడుండదు. మరి కాసేపటికి కాలువ గట్టున ఉడుమొకటి ఎండ కాచుకుంటూ కనిపించింది. యేసోబు కన్నా ముందే నేను చూశాను. నా కళ్లకు ఢోకా లేదని మహా గర్వపడ్డాను.

ఆ గర్వం తుమ్మల దగ్గర దిగిపోయింది. సగం చెట్లు లేవు. పొక్లెయిన్‌తో పెరికి ఎక్కడివక్కడ పడేశారు, వాటి మీద పీకేసిన పత్తికట్టె కుప్పలు. అవతలి చేలో పవర్ స్ప్రేయర్ మోత. మందు వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. మోత ఆగేదాకా ఆగి, ఊపిరి బిగబట్టి విన్నాను. ఏమీ లేదు. నిజం చెబుతున్నాను, ఆ పాడుబడ్డ గట్టు మీద నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. చూశావా యేసోబూ, ఒక్క పిట్ట కూడా మిగల్లేదు అన్నాను.

"ఎందుకు మిగల్లేదమ్మా? ఇందాకట్నుంచీ టిక్కు టిక్కు మంటానే ఉన్నాయిగా."

అవి కీచురాళ్లన్నాను. కీచురాయి తనకు తెలియకపోవడమేమిటన్నాడు. నీకు పిట్టల సంగతేం తెలుసు, నోరు మూసుకుని ఆటో దగ్గర ఉండమని కసిరాను. అతను వెళ్లిపోయాడు. కాసేపటికి నేనే వెళ్లి పక్కన కూర్చున్నాను. ఎందుకో తెలియదు, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పనిదంతా, డాక్టరు మాటతో సహా, ముక్కూమొహం తెలియని ఆ మనిషికి చెప్పేశాను. విని, మా అమ్మకీ అంతేనండి, గట్టిగా అరవాలి అన్నాడు. ఆ మాటకు మరీ దిగులేసింది.

ఇద్దరం ఇంకో అర కిలోమీటరు నడిచాం, జమ్ము ఇంకా పచ్చగానే ఉంది. అక్కడ గరగరమని ఒక గొంతు నాకు స్పష్టంగా వినపడింది. జమ్ములో ఉండే పెద్దరకం వార్బ్లర్, దానిది మోటు గొంతు. ఎక్కడలేని ఆశా పుట్టుకొచ్చింది. చెవులు బాగానే ఉన్నాయి, చిన్న పిట్టలే పోయాయి అనుకుంటుండగా, ఎదురుగా తుమ్మకొమ్మ మీదికి ఆ చిన్నదే వచ్చి వాలింది. పది అడుగులు కూడా లేదు. బైనాక్యులర్ పెట్టాను. ముక్కు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. గొంతు మీద ఈకలు వణుకుతున్నాయి. తోక అదురుతోంది. ఒళ్లంతా పెట్టి పాడుతోంది. నాకు గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

బైనాక్యులర్ దించకుండానే, యేసోబూ, పాడుతోందా అని అడిగాను.

 అతను తల కాస్త పక్కకు వంచి దాని వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు.

"లేదమ్మా" అన్నాడు. "ఎండకి ఊరికే నోరు తెరుస్తంది."

ఎనిమిదిన్నర కూడా కాలేదు. పిట్ట నీడలో ఉంది. అవునులే, ఎండ ఎక్కువగా ఉంది అన్నాను నేను. ఇద్దరం అది ఎగిరిపోయేదాకా అక్కడే నిలబడ్డాం.

పదింటికల్లా పేటకు వచ్చేశాను.  పిట్టలు పోవాలని కోరుకుని వెళ్లినదాన్ని, అవి ఇంకా ఉన్నందుకు సంతోషించాల్సింది పోయి కుమిలిపోతున్నాను. ఉన్న ఆ నాలుగు తుమ్మలూ పెరికేస్తే వచ్చే ఏటికి అవీ రావు, వచ్చినా నాకు తేడా తెలియదు. అందరి కంటే ముందు చెవి రిక్కించే మనిషిని నేను. ఇకనుంచి ఏది పోయిందో, ఏది ఉందో ఎవరో ఒకరు చెబితే నమ్మాలి. నా మీద జాలి పడేవాళ్ల మాట నమ్మడమెలాగో నాకు తెలియడం లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. మార్చి రెండో వారం లోపు, మందు కొట్టే మోటార్లు మొదలుకాక ముందే గట్టు చేరుకోండి. యాభై దాటినవాళ్లయితే చెవులు బాగున్న మనిషినొకరిని వెంట తీసుకెళ్లండి, మీ చెవుల సంగతి మాత్రం ఆ మనిషికి చెప్పకండి.